బొత్తాల డబ్బా

విత్తింది నేను కాదు.
కొండిత్తోపులో మా మేడ మీద
పగిలిన ట్యాంకు మూతలో నిలిచిన మట్టికి
ఏ పిట్ట చెప్పిందో,
ఆడి నెల గాలికి మొలిచి
ఐప్పసి వానకల్లా గోడ దిగి
మెట్ల పక్క కరెంటు మీటరు దాకా వచ్చింది.

పువ్వంటే పెద్ద పువ్వేం కాదు,
నేను పళ్లతో తెంపి ఉమ్మేసే దారం ముక్కంత తెలుపు.
కాయ మాత్రం,
ఎవరో పచ్చ కాగితం మడిచి
మూడు అంచులు కలిపి, లోపల ఊపిరి ఊది
కుట్టడం మరిచినట్టుంటుంది.
లేదు, కుట్టారు. దగ్గరికెళితే మూడు కుట్లూ కనిపిస్తాయి.
ముప్పయ్యేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను,
ఇంత సన్నటి అతుకు నా వల్ల కాలేదు.

పూంగావనం రోజూ పొద్దున్నే బుట్టతో వస్తుంది.
"ముడకత్తాన్ డీ ఇది, పిచ్చిమొక్క అంటావేం?"
చిగుళ్లు గిల్లి కొంగులో వేసుకుంటుంది.
మూలకొత్తళంలో కట్ట పది రూపాయలు.
మోకాళ్ల నొప్పులకి దోసెపిండిలో రుబ్బుకుంటారట.
అమ్మే మనిషి మాత్రం
మా పద్దెనిమిది మెట్లూ కూర్చుని కూర్చుని ఎక్కుతుంది.

షెనాయ్ నగర్ నర్సరీలో ఇదే తీగ
పింగాణీ కుండీలో, వెదురు పుల్లకి చుట్టి,
నూట ఎనభై.
దానికో ఇంగ్లీషు పేరు, ముద్దుపేరులా ఉంది,
నా నోరు తిరగలేదు.

మరి తెలుగులో?
తాతల నాటి నుంచీ ఇక్కడే మేము.
ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ
ఆ తెలుగులో చెట్లు తక్కువ.
వేప, మునగ, కరేపాకు...
వంటింటి కిటికీలోంచి కనిపించినంత వరకే.
తక్కిన పచ్చదనమంతా మాకు తమిళంలోనే.

నెల్లూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన వెంగమాంబ
జాకెట్టు కొలతకి చేతులు రెండూ చాచి నిలబడి
కిటికీ వైపు చూసి అంది:
"అరె, బుడ్డకాకర!"
టేపు నా చేతిలో ఆగిపోయింది.
మళ్లీ అనమన్నాను. అంది.
ఆ రోజు ఆమె చంక కొలత తప్పు రాసుకున్నాను,
తర్వాత మొత్తం విప్పి కుట్టాల్సొచ్చింది.

మార్గళిలో కరెంటాఫీసు దురైపాండి వచ్చి
అంకెలు కనపడటం లేదని గొడవ.
తీగ కోస్తావా, ఫైను కడతావా?
బట్ట కత్తెరతోనే కోశాను.
దానితో కాగితం కూడా కోయనివ్వను ఎవరినీ.
రెండు రోజులు పసరు వాసన పోలేదు,
పెళ్లివారి పట్టు అంచుకి కూడా కొంచెం అంటింది.

ఎండిన కాయలు మట్టిరంగు తిరిగి
చేటలో గలగలమన్నాయి.
పూంగావనం మనవరాలు ఇనియా
ఒక్కొక్కటీ నుదుటికేసి కొట్టి పగలగొడుతోంది.
టప్.
టప్.
కాయకి మూడు గదులు, గదికో గింజ.
నల్లటి గింజ మీద
సుద్దతో గీసినట్టు తెల్లటి గుండె.
అది కాయని పట్టుకుని ఉన్న చోటట.
ఊడి వచ్చిన చోటే, చూడండి, ఆ ఆకారంలో ఉంది.

"అత్తా, ఇవి నా గౌనుకి బొత్తాలు కుట్టు."
డబ్బాలో పోసి కలిపి చూశాను.
నిజమే, చప్పుడులో తేడా లేదు.
"కుట్టలేనే. వీటికి బొక్కల్లేవు."
"పెట్టు."
"గుండెకి బొక్క పెడితే..."
ఏం చెప్పాలో తోచక మిషను తొక్కాను,
కింద బట్ట లేకుండానే.

పిల్ల అలిగి
గుప్పెడు గింజలు గౌను జేబులో పోసుకుని
మింట్ వీధి వైపు పరుగెత్తింది.

ఆ జేబు అడుగున చిల్లుంది.
పోయిన వారమే చూశాను.
కుట్టిస్తా రమ్మని పిలవబోయి
సూదిలోకి దారం ఎక్కిస్తూ
అలాగే ఉండిపోయాను.